ప్రతిసారీ కొత్త సంతకం: ఇంగ్లండ్‌లో రిపీట్ ప్రిస్క్రిప్షన్ ఎలా నడుస్తుంది

మన ఊళ్లలో బీపీ మాత్రలు అయిపోతే ఖాళీ స్ట్రిప్ పట్టుకుని వీధి చివరి మెడికల్ షాపుకు వెళ్తాం. షాపతను స్ట్రిప్ మీది పేరు చూసి, నెలకు సరిపడా మాత్రలు కవరులో వేసి ఇస్తాడు. షెడ్యూల్ హెచ్‌లో ఉన్న మందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని మన దేశంలోనూ చట్టం ఉంది గానీ, ఏళ్ల తరబడి వాడుతున్న మందుకు చీటీ అడిగేవారు తక్కువ. ఈ అలవాటుతో ఇంగ్లండ్‌లో కాపురం పెట్టిన తెలుగు కుటుంబాలకు, ఉన్న మందునే మళ్లీ తెచ్చుకోవడానికి ఇంత తతంగం ఎందుకో మొదట్లో అర్థం కాదు. డాక్టరు రాసిన మందే, మోతాదు మారలేదు, అయినా రెండు రోజులు ఆగమంటారు, ఒక్కోసారి రక్తపరీక్ష చేయించుకున్నాకే ఇస్తామంటారు. విసుగు సహజమే. అయితే ఈ ఏర్పాటు వెనుక ఉన్న లెక్క తెలిస్తే విసుగు తగ్గుతుంది, అంతకంటే ముఖ్యంగా మందు తప్పిపోయే ప్రమాదం తగ్గుతుంది.

ముందుగా ఒక మాట అర్థం చెప్పుకోవాలి. మనకు సర్జరీ అంటే ఆపరేషన్. బ్రిటన్‌లో మాత్రం జీపీలని పిలిచే కుటుంబ వైద్యులు రోగులను చూసే చోటును కూడా సర్జరీ అనే అంటారు. నివాసానికి దగ్గరలోని ఒక సర్జరీలో పేరు నమోదు చేసుకోవడంతో ఎన్‌హెచ్‌ఎస్, అంటే అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ, వైద్యం మొదలవుతుంది. మన వైద్య చరిత్ర, మందుల జాబితా అన్నీ అక్కడి కంప్యూటర్‌లోనే ఉంటాయి.

ఆ జాబితాలో మందులు రెండు రకాలుగా ఉంటాయి. గొంతునొప్పికి రాసిన యాంటీబయాటిక్ వంటివి ఒక్కసారికే. బీపీ, షుగరు, థైరాయిడ్, ఆస్తమా వంటి వాటికి చాలాకాలం వాడవలసిన మందులను డాక్టరు రిపీట్ జాబితాలో చేరుస్తారు. చేర్చేటప్పుడు మందు పేరు, మోతాదు, ఒక్కోసారి ఎన్ని మాత్రలు ఇవ్వాలి, ఎన్నిసార్లు ఇవ్వవచ్చు, మళ్లీ ఎప్పుడు సమీక్షించాలి అన్నవి కూడా నమోదు చేస్తారు. చాలామంది పొరబడేది ఇక్కడే. రిపీట్ జాబితాలో పేరు ఉందంటే ఆ మందు ఇక ఎప్పుడు అడిగితే అప్పుడు ఇచ్చేదని కాదు. ప్రతి నెలా వెళ్లి డాక్టరును కలవకుండానే అడగవచ్చని మాత్రమే దాని అర్థం. అడిగిన ప్రతిసారీ ఒక కొత్త చీటీ తయారవుతుంది, దాని మీద మందు రాసే అధికారం ఉన్న వ్యక్తి సంతకం పడాలి. ఆ వ్యక్తి జీపీ కావచ్చు, ఆ అర్హత పొందిన నర్సు లేదా ఫార్మసిస్ట్ కావచ్చు. సంతకం చేసినవారే ఆ చీటీకి బాధ్యులు. ఆ మందు వల్ల ఏదైనా హాని జరిగితే ‘ఎప్పటి నుంచో వాడుతున్నదే కదా’ అన్న సమాధానం వారికి రక్షణ కాదు. సర్జరీలో మనకు అడ్డుగా కనిపించే నియమాలలో చాలావరకు ఈ ఒక్క బాధ్యత నుంచే పుట్టాయి.

ఇప్పుడు ఒక చీటీ ప్రయాణాన్ని చూద్దాం. మనం అడిగిన సంగతి ముందు సర్జరీ సిబ్బందికి చేరుతుంది. పోయినసారి ఎప్పుడు తీసుకున్నారు, మరీ ముందుగా అడుగుతున్నారా, సమీక్ష గడువు దాటిందా అన్నవి వారు చూస్తారు. తరువాత అది సంతకం చేసేవారి వరుసలోకి వెళ్తుంది. సంతకం కాగానే చీటీ ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఎన్‌హెచ్‌ఎస్ కేంద్ర వ్యవస్థ అయిన స్పైన్‌కు చేరి, మనం ఎంచుకున్న మందుల షాపు అక్కడి నుంచి దానిని తీసుకుంటుంది. షాపులో ఫార్మసిస్ట్ చీటీ సరిచూస్తారు, సరుకు లేకపోతే తెప్పిస్తారు, మాత్రల పెట్టెల మీద మన పేరుతో లేబుళ్లు అతికించి, మరోసారి సరిచూసి సంచిలో పెడతారు. సర్జరీ సాధారణంగా రెండు పని దినాలు అడుగుతుంది, షాపువారికి ఆపైన మరికొంత సమయం కావాలి. శనివారం, ఆదివారం, బ్యాంకు సెలవులు పని దినాల లెక్కలోకి రావు. అంటే గురువారం సాయంత్రం అడిగిన మందు సోమవారానికి సిద్ధంగా ఉంటుందని ఆశించకూడదు. ఇంకా వారం, పది రోజులకు సరిపడా మాత్రలు చేతిలో ఉండగానే అడగడం క్షేమం. మరీ ముందుగా అడిగితే వెనక్కి పంపేస్తారు కాబట్టి, మూడు వారాలకు సరిపడా ఉండగా అడిగినా ఉపయోగం లేదు.

మందు ఆలస్యమైనప్పుడు అది ఈ దారిలో ఏ మజిలీ దగ్గర ఆగిందో తెలుసుకోవడమే సగం పని. షాపువారు మాకు చీటీ రాలేదంటే సంతకం కాలేదా, వేరే షాపుకు వెళ్లిందా అన్నది చూడాలి. ఇల్లు మారినవారికి ఇది తరచూ ఎదురవుతుంది. కొత్త పేటలోని షాపును ఎంచుకోవడం మరిచిపోతారు, చీటీ పాత పేటకే వెళ్తుంది. పాత షాపు దానిని అప్పటికే తన కంప్యూటర్‌లోకి తీసుకుని ఉంటే, వారు తిరిగి స్పైన్‌కు పంపితే తప్ప మరొక షాపు తీసుకోలేదు. కాబట్టి ఇల్లు మారిన వారంలోనే ఎన్‌హెచ్‌ఎస్ యాప్‌లో షాపు పేరు మార్చుకోవడం మంచిది.

అడగడానికి ఈరోజు అన్నిటికంటే సుళువైన దారి ఆ యాప్. అందులో మన రిపీట్ జాబితా కనిపిస్తుంది, కావలసిన మందులను ఎంచి పంపితే చాలు. స్మార్ట్‌ఫోన్ వాడనివారి కోసం పాత పద్ధతి కూడా మిగిలే ఉంది. ఆకుపచ్చ కాగితం మీద అచ్చయిన చీటీకి కుడివైపున జాబితాతో వచ్చే భాగంలో కావలసిన వాటికి టిక్కు పెట్టి సర్జరీ పెట్టెలో వేయవచ్చు. ఫోనులో చెబితే మాత్రం చాలా సర్జరీలు తీసుకోవు. దీనిని మొరటుతనంగా భావించే పెద్దవాళ్లను చూశాను గానీ, కారణం బలమైనదే. ప్రొప్రనలాల్, ప్రెడ్నిసలోన్ అన్న రెండు పేర్లను ఫోనులో, అందునా మన ఉచ్చారణతో, తొందరగా చెబితే ఎదుటివారికి ఏది వినిపిస్తుందో ఊహించండి. ఒకటి గుండె వేగాన్ని తగ్గించేది, ఇంకొకటి స్టెరాయిడ్. రాతలో జరగని తప్పు మాటలో జరుగుతుంది. ఒకప్పుడు మందుల షాపులే మన తరఫున నెలనెలా అన్ని మందులూ అడిగేసేవి. వాడని మందులు కూడా వచ్చి ఇంట్లో పేరుకుపోతున్నాయని చాలా ప్రాంతాలలో ఆ పద్ధతిని ఆపేశారు. అందుకే అడిగే బాధ్యత ఇప్పుడు ఎక్కువగా రోగి మీదే ఉంటుంది.

అన్నిటికంటే ఎక్కువ గొడవ జరిగేది సమీక్ష గడువు దగ్గర. ‘మీ మందుల సమీక్ష సమయం దాటింది, అపాయింట్‌మెంట్ తీసుకోండి’ అని సందేశం వస్తుంది, మాత్రలు ఆగిపోతాయి, లేదా రెండు వారాలకు మాత్రమే ఇస్తారు. రిసెప్షన్‌లో కూర్చున్న ఆవిడ మీద కోపం చూపించి ప్రయోజనం లేదు, ఆ గడువును దాటవేసే అధికారం ఆమెకు ఉండదు. ఈ సమీక్ష ఎందుకో మందుల వారీగా చూస్తే తెలుస్తుంది. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది. వాటి పని మందగిస్తే నిన్నటి వరకు సరిపోయిన మోతాదే ఎక్కువైపోతుంది. బీపీకి ఇచ్చే రామిప్రిల్ కొందరిలో రక్తంలోని పొటాషియంను పెంచుతుంది, పొటాషియం బాగా పెరిగితే గుండె లయ తప్పవచ్చు, అయినా మనిషికి ముందుగా ఏమీ తెలియకపోవచ్చు. లీవోథైరాక్సిన్ మోతాదు ఎక్కువై అలాగే సంవత్సరాలు గడిస్తే ఎముకలు గుల్లబారతాయి, గుండెదడ వస్తుంది. కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్ విషయంలో అయితే రక్తకణాలను, కాలేయాన్ని తరచుగా పరీక్షించకుండా మందు కొనసాగించడమే ప్రమాదం. ఒంట్లో బాగానే ఉందన్న నమ్మకం ఈ పరీక్షలకు బదులు కాదు. పైకి ఏ లక్షణమూ లేని దశలోనే మార్పును పట్టుకోవడం వాటి ఉద్దేశం.

అందువల్ల గడువు తేదీని మనమే ముందుగా చూసుకుని, నెలరోజుల ముందే రక్తపరీక్షకు సమయం అడగడం మంచిది. పరీక్ష ఫలితం వచ్చాక జరిగే సమీక్షకు జీపీయే కావాలని పట్టుబట్టనక్కరలేదు. ఇప్పుడు చాలా సర్జరీలలో క్లినికల్ ఫార్మసిస్టులు ఈ పని చేస్తున్నారు. మందుల మధ్య పొసగనితనం, మాత్ర వేసుకునే వేళ, దుష్ప్రభావాలు వంటివి తీరికగా మాట్లాడడానికి వారే తగినవారని నా అభిప్రాయం. ఆ పది నిమిషాలలో చెప్పవలసినవి చెప్పాలి. కాళ్లవాపు వచ్చి మాత్ర మానేశాను, ఇండియా నుంచి తెచ్చిన ఆయుర్వేద చూర్ణం కూడా వాడుతున్నాను వంటి మాటలు దాచిపెడితే సమీక్ష కాగితం మీదే మిగులుతుంది.

ఆరోగ్యం నిలకడగా ఉండి, మోతాదులు మారనివారికి ఇంకొక మెరుగైన దారి ఉంది, అది తెలిసినవారు తక్కువ. రిపీట్ డిస్పెన్సింగ్ అనే ఈ పద్ధతిలో డాక్టరు ఒకేసారి పన్నెండు నెలల వరకు సరిపడా చీటీల వరుసకు సంతకం చేసేస్తారు. తరువాత ఒక్కొక్కటి దాని తేదీకి షాపుకు చేరుతుంది, రోగి ప్రతి నెలా సర్జరీని అడగనక్కరలేదు. ఇంగ్లండ్‌లో 2005 నుంచి ఇది మందుల షాపులన్నీ అందించవలసిన సేవలలో ఒకటి. ప్రతిసారీ మందు ఇచ్చే ముందు ఫార్మసిస్ట్ నాలుగు ప్రశ్నలు వేస్తారు: ఆరోగ్యంలో మార్పు వచ్చిందా, కొత్త మందులేమైనా మొదలుపెట్టారా, ఇబ్బందులు ఉన్నాయా, ఈసారి ఇవన్నీ నిజంగా అవసరమా. ట్రమడాల్, ప్రిగాబలిన్ వంటి కఠిన నియంత్రణలో ఉన్న మందులకు ఈ సౌకర్యం వర్తించదు. మామూలు చీటీ రాసిన తేదీ నుంచి ఆరు నెలలు చెల్లితే, వీటి చీటీ 28 రోజులే చెల్లుతుంది. మిగతా మందులు వాడేవారు సమీక్ష రోజున ఈ పద్ధతి తమకు సరిపోతుందా అని అడగాలి. అడగకపోతే చాలాచోట్ల వారంతట వారు చెప్పరు.

ఇక డబ్బు సంగతి, ఇందులో మనవాళ్లు తెలియక నష్టపోవడం చూస్తే బాధ కలుగుతుంది. ఎన్‌హెచ్‌ఎస్ 1948 జులైలో పుట్టినప్పుడు మందులు ఉచితం. 1952లో రుసుము వచ్చింది, 1965లో తీసేశారు, 1968లో మళ్లీ పెట్టారు. వేల్స్ 2007లో, ఉత్తర ఐర్లండ్ 2010లో, స్కాట్లండ్ 2011లో ఆ రుసుమును రద్దు చేశాయి. ఇంగ్లండ్‌లో మాత్రం కొనసాగుతోంది, 2024 మే నుంచి ఒక్కో మందుకు 9.90 పౌండ్లు. వీసాతో పాటు ఆరోగ్య సర్‌చార్జ్ కింద ఏడాదికి వెయ్యి పౌండ్లకు పైగా కట్టాం కదా, మళ్లీ ఇదేమిటని ఉద్యోగానికి వచ్చినవారు అడుగుతారు. ఆ సర్‌చార్జ్ కట్టినా ఇంగ్లండ్‌లో ఈ రుసుము తప్పదు, ఇక్కడ పుట్టి పెరిగినవారూ ఇదే కడతారు.

అయితే తగ్గించుకునే దారులున్నాయి. మందుకొకసారి కట్టే బదులు మూడు నెలలకు 32.05 పౌండ్లు, లేదా ఏడాదికి 114.50 పౌండ్లు ముందే కట్టి సర్టిఫికెట్ తీసుకోవచ్చు, ఆ కాలంలో ఎన్ని మందులైనా వేరే రుసుము ఉండదు. నెలనెలా రెండు మందులు తీసుకునేవారికి విడివిడిగా ఏడాదికి 237.60 పౌండ్లు అవుతుంది, అంటే ఈ సర్టిఫికెట్‌తో సగానికి పైగా మిగులు. ఏడాది మొత్తాన్ని పది వాయిదాలలో బ్యాంకు ఖాతా నుంచి కట్టే వీలు కూడా ఉంది.

అసలే కట్టనవసరం లేనివారు కూడా చాలామంది ఉన్నారు. అరవై ఏళ్లు నిండినవారు, పదహారేళ్ల లోపు పిల్లలు, గర్భిణులు, ప్రసవమై ఏడాది దాటనివారు అందులో వస్తారు. కొన్ని జబ్బులకు కూడా మినహాయింపు ఉంది, ఇక్కడే గట్టిగా చెప్పవలసిన విషయం ఒకటుంది. షుగరుకు మందు వాడుతున్నవారు, అంటే ఆహార నియమంతోనే నెట్టుకొస్తున్నవారు కాక మాత్రలో ఇన్సులినో తీసుకుంటున్నవారు, థైరాయిడ్ తగ్గి లీవోథైరాక్సిన్ వాడుతున్నవారు, మూర్ఛకు నిత్యం మందు వాడుతున్నవారు, కాన్సర్ చికిత్సలో ఉన్నవారు మినహాయింపుకు అర్హులు. పైగా ఆ మినహాయింపు ఆ జబ్బు మందుకే పరిమితం కాదు, వారికి రాసే అన్ని మందులకూ వర్తిస్తుంది. షుగరు, థైరాయిడ్ మన ఇళ్లలో ఎంత మామూలో చెప్పనక్కరలేదు. అయినా మెట్‌ఫార్మిన్‌తో పాటు బీపీకి, కొలెస్టరాల్‌కు మాత్రలు వాడుతూ, ప్రతిదానికీ 9.90 కట్టుకుంటూ ఏళ్లు గడిపినవారు మన మధ్య ఉన్నారు. దీనికోసం సర్జరీలో ఎఫ్‌పీ 92ఎ అనే ఫారం అడిగి, నింపి, డాక్టరు ధ్రువీకరణతో పంపితే ఐదేళ్లు చెల్లే సర్టిఫికెట్ వస్తుంది. సర్టిఫికెట్ చేతికి రాకముందే కట్టవలసి వస్తే, కట్టేటప్పుడే ఎఫ్‌పీ 57 అనే రసీదు అడిగి తీసుకోవాలి, తరువాత అడిగితే ఇవ్వరు. ఆ రసీదుతో మూడు నెలలలోగా డబ్బు తిరిగి పొందవచ్చు. బీపీ ఒక్కటే ఉన్నవారికి, ఆస్తమా ఉన్నవారికి ఈ మినహాయింపు లేదు. 1968లో రాసిన జాబితా పెద్దగా మారకపోవడం వల్ల మిగిలిన అసమానత ఇది, దీన్ని సమర్థించడం నాకు సాధ్యం కాదు. అర్హత లేకుండా ఉచితమని సంతకం పెడితే, అసలు రుసుముతో పాటు వంద పౌండ్ల వరకు జరిమానా పడుతుంది. సర్టిఫికెట్ గడువు తీరిన సంగతి మరిచిపోయి ఇందులో చిక్కుకునేవారూ ఉన్నారు.

ఇండియా నుంచి కొత్తగా వచ్చినవారి కష్టం మరో రకం. హైదరాబాద్ డాక్టరు రాసిన చీటీని ఇక్కడి మందుల షాపులో చూపిస్తే మందు ఇవ్వరు. ముందు సర్జరీలో నమోదు, తరువాత అపాయింట్‌మెంట్, బహుశా రక్తపరీక్ష, అప్పుడు రిపీట్ జాబితా, ఇదంతా కొన్ని వారాల పని. కాబట్టి వచ్చేటప్పుడు రెండు, మూడు నెలలకు సరిపడా మందులు, డాక్టరు ఉత్తరంతో సహా తెచ్చుకోవాలి. ఆ ఉత్తరంలో బ్రాండు పేరు చాలదు. మనం వాడే కంపెనీ పేర్లు ఇక్కడి జీపీకి తెలియవు, మందు అసలు పేరు, మిల్లీగ్రాముల లెక్క కావాలి. థైరాయిడ్ మాత్ర అయితే మైక్రోగ్రాములు. మరొక తేడా, మన దగ్గర రెండు మూడు మందులను కలిపి ఒకే మాత్రగా ఇవ్వడం ఎక్కువ. ఇక్కడ వాటిని సాధారణంగా విడదీసి వేర్వేరు మాత్రలుగా రాస్తారు. షుగరుకు మన దగ్గర గ్లిమెపిరైడ్ వాడినవారికి ఇక్కడ గ్లిక్లజైడ్ రాయడం కూడా జరుగుతుంది. ఒక మాత్ర వేసుకునే మనిషికి మూడు పెట్టెలు ఇస్తే కంగారు పడి పాతదీ కొత్తదీ కలిపి వేసుకునే ప్రమాదం ఉంది. కొత్త జాబితాను పాతదాని పక్కన పెట్టి, ఏది దేనికి బదులో ఫార్మసిస్ట్ చేత రాయించుకోవాలి.

ఇలాంటి జాగ్రత్తే ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చినప్పుడు కూడా అవసరం. ఆసుపత్రిలో మోతాదు మార్చినా, ఒక మందు ఆపినా, ఆ ఉత్తరం సర్జరీకి చేరి ఎవరో ఒకరు జాబితాను సరిచేసే దాకా యాప్‌లో పాత వివరమే కనిపిస్తుంది. ఆ మధ్యకాలంలో అలవాటుగా పాత మందును అడిగితే, ఆపమన్న మందు తిరిగి ఇంటికి వస్తుంది. ఆసుపత్రి కాగితాన్ని జాబితాతో సరిపోల్చాకే అడగాలి.

ఇన్ని చేసినా ఒక శుక్రవారం రాత్రి పెట్టె ఖాళీగా కనిపించవచ్చు. అప్పుడు అత్యవసర విభాగానికి పరుగెత్తనక్కరలేదు. ఎన్‌హెచ్‌ఎస్ సలహా నంబరు 111కు ఫోను చేసినా, వారి వెబ్‌సైట్‌లో అడిగినా తెరిచి ఉన్న మందుల షాపుకు పంపుతారు. మనం ఇంతకుముందు వాడుతున్న మందేనని, వెంటనే అవసరమని నమ్మకం కుదిరితే ఫార్మసిస్ట్ చీటీ లేకుండానే కొన్ని రోజులకు సరిపడా ఇవ్వగలరు. కఠిన నియంత్రణలో ఉన్న మందులలో చాలావాటిని మాత్రం ఇలా ఇవ్వరు.

సంక్రాంతికో పెళ్లికో ఇండియా వెళ్లేవారు బయలుదేరే వారంలో కాక, నెల ముందే సర్జరీకి చెప్పాలి. నెలకు రాసే మందును ప్రయాణం కోసం ఎక్కువ రోజులకు రాయడం డాక్టరు ఇష్టం మీద ఆధారపడుతుంది, మూడు నెలలకు మించి బయట ఉండేవారికి ఆ కాలమంతటికీ ఎన్‌హెచ్‌ఎస్ మందులు ఇవ్వదు.

తల్లిదండ్రులు ఇక్కడే మనతో ఉంటే, వారి తరఫున ఈ పనులన్నీ కొడుకో కోడలో కూతురో చూసుకోవడం మన ఇళ్లలో పరిపాటి. వారి పాస్‌వర్డ్‌తో మనం లోపలికి వెళ్లే బదులు సర్జరీలో ప్రాక్సీ అనుమతి అడగాలి. అమ్మ ఒప్పుకుంటే ఆమె మందులను అడిగే హక్కు మన పేరుమీద నమోదవుతుంది, మన యాప్‌లోనే ఆమె జాబితా కూడా కనిపిస్తుంది. అప్పుడు కూడా ప్రతి నెలా అన్నిటికీ టిక్కు పెట్టేయకుండా, అలమారలో ఏది ఎంత మిగిలిందో ఆమెతో కలిసి లెక్క చూడాలి. ఒకసారి షాపు గడప దాటిన మందును, పెట్టె తెరవకపోయినా, తిరిగి ఇంకొకరికి ఇవ్వరు, వెనక్కి ఇస్తే నాశనం చేస్తారు. ఆ లెక్క చూసేటప్పుడు ఏదో ఒక మాత్ర పెట్టెలు మాత్రమే తరగకుండా పేరుకుని ఉంటే, అమ్మ దానిని వేసుకోవడం మానేసిందని అర్థం. ఎందుకు మానేసిందో అడిగి తెలుసుకుని, ఆ సంగతి సర్జరీ ఫార్మసిస్ట్‌కు చెప్పాలి.